కాంపౌండరు విప్పిన ముందు ఫోర్కు

ఆస్పత్రి మందుల గది కిటికీ ముందు నిలబడే వాళ్ళందరికీ ఆయన కాంపౌండరుగారే. మందులు చేత్తో కలిపి ఇచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. అన్నీ అట్టపెట్టెల్లో కట్టుదిట్టంగా వస్తున్నాయి. అయినా ఆ పిలుపు పోలేదు. ముప్పై ఏళ్ళుగా అదే కిటికీ, అంచులు అరిగిన అదే చెక్కబల్ల. పొద్దున్నే గది తాళం తీసేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు, ఇవాళ నా చేతి మీదుగా ఎవరికీ చెడు జరక్కుండా చూడు అని. మాత్రలు రెండుసార్లు లెక్కపెడతాడు. చదువు రాని వాళ్ళకి పొట్లం మీద సూర్యుణ్ణో చంద్రుణ్ణో గీసి ఇస్తాడు. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటే, "మీకూ గీస్తానమ్మా, కంగారుపడకండి" అంటాడు. విసుక్కున్న వాళ్ళే నవ్వేస్తారు.

ఆయన భార్య ఒకటో తరగతి టీచరు. ఆమె బడి ఊరి చివర, రాతి క్వారీ దాటాక ఉంటుంది. క్వారీ లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు పళ్ళూడిన చిగుళ్ళలా అయింది. బస్సు సగం దూరం వరకే వెళ్తుంది. మిగతాది నడవాలి. అందుకని ఇరవై రెండేళ్ళుగా ఆయనే ఆమెను తన మోటారు సైకిలు మీద బడి దగ్గర దించి, అట్నుంచి అటే ఆస్పత్రికి వెళ్తున్నాడు. బండి మొదటి నుంచీ ఒకటే కాదు. ఇది రెండోది, దీనికే పదహారేళ్ళు.

రెండు నెలల కిందట ఆమె నడుము పట్టేసింది. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి జరిగిందన్నాడు డాక్టరు. మందులు, వ్యాయామాలు రాసిచ్చి, "నడవండి, పని చేసుకోండి, కానీ కుదుపులు మాత్రం వద్దు టీచరుగారూ. కుదుపు ఆగాలి, లేదంటే ఆ ప్రయాణమైనా ఆగాలి" అన్నాడు. ఆమె సెలవులన్నీ మంచం మీదే అయిపోయాయి. తిరిగి బడికి వెళ్ళడం మొదలుపెట్టిన వారానికి ప్రధానోపాధ్యాయురాలు ఆమెను గదిలోకి పిలిచి, తన కుర్చీలో దిండు తీసి ఆమె వెనక పెట్టి, మెల్లగా అడిగింది. వచ్చే ఏడాది ఒకటో తరగతి తీసుకోగలవా లేదా? తీసుకోలేనంటే వేరే మనిషిని వెతుక్కోవాలి, సోమవారానికల్లా పైకి పేరు పంపాలి.

ఆమె ఆ మాట ఇంట్లో బియ్యం ఏరుతూ చెప్పింది, ఎవరి గురించో చెబుతున్నట్టు. కాంపౌండరుకి మాత్రం అర్థమైంది. ఆమె సాయంత్రాలు ఇంట్లో కూర్చుని చేసేదంతా ఆ పిల్లల పనే. అక్షరాల అట్టముక్కలు కత్తిరించడం, ఎవడు ఎడమ చేత్తో రాస్తాడో, ఎవతె మాట్లాడకుండా తలే ఊపుతుందో చెప్పుకుని నవ్వుకోవడం. ఆ బడి పోతే ఆ ఇంట్లో సాయంత్రాలకి ఏమీ మిగలదు.

సరిగ్గా అప్పుడే బండి ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు కాళ్ళలా పట్టుకుని కుదుపు మింగే గొట్టాల జత, కారడం మొదలైంది. దాని కుడికాలు పొడవునా నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. గుంతలో పడ్డప్పుడల్లా ముందు చక్రం టక్కుమని కొట్టుకుంటోంది. ఆ టక్కు హ్యాండిల్ మీదుగా ఆయన చేతుల్లోకి, సీటు మీదుగా ఆమె నడుములోకి వెళ్తోంది. ఆమె అయ్యో అనదు. ఆయన భుజం మీద ఉన్న ఆమె చెయ్యి బిగుసుకుంటుంది. ఎన్ని గుంతలో అన్నిసార్లు.

బుధవారం ఆయన ఒక గంట ముందే సెలవడిగి షోరూముకి వెళ్ళాడు. అద్దాల గది, చల్లటి గాలి, గోడకి వేలాడే కొత్త బళ్ళ బొమ్మలు. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, కాగితం మీద రాసి చూపించింది. రెండు కాళ్ళకీ నూనె కారకుండా ఆపే రబ్బరు ఆయిల్ సీళ్ళు, కొత్త నూనె. దాని కింద లేబర్ చార్జి. లేబరు సామాను ఖరీదుకి నాలుగు రెట్లుంది.

"ఎన్ని రోజులమ్మా?"

"నాలుగు పనిదినాలు సార్. బళ్ళు వరసలో ఉన్నాయి. ఆదివారం సెలవు."

నాలుగు పనిదినాలంటే ఆమెకి నాలుగు రోజుల సెలవు. ఆ సెలవు లేదు. పైగా సోమవారం దాటిపోతుంది. డబ్బు విషయం ఆయన బయటికి చెప్పకపోయినా అదీ మనసులో ఉంది. ఇవ్వలేక కాదు. రెండు రబ్బరు ముక్కలు మార్చడానికి అంత దేనికని.

ఆ షోరూము వెనక షెడ్డులోనే ఆయన బావమరిది మెకానిక్కు. నలభై నాలుగేళ్ళ మనిషి. చిన్నప్పుడు చిన్న బోల్టు ఒకటి మింగి ఇంటిల్లిపాదినీ రెండు రోజులు కాపలా కూర్చోబెట్టాడట. అప్పటినుంచీ అందరికీ బోల్టే. ఆ వృత్తిలోకే పోవడం దైవనిర్ణయమని వాళ్ళ అక్క వేళాకోళం.

శుక్రవారం సాయంత్రం బోల్టు ఇంటికి వచ్చాడు. వరండాలో బండి ముందు కూర్చుని కారుతున్న కాలు వేలితో తుడిచి చూశాడు.

"షోరూములో పడెయ్ బావా. నా చేతికే వచ్చేట్టు చూస్తా."

"నాలుగు రోజులంట కదరా."

"నాలుగు రోజులు కాక నలభై నిమిషాల్లో ఇస్తారా? నీ బండి కంటే ముందు పద్నాలుగు బళ్ళున్నాయి. వాటి వాళ్ళకి మాత్రం నడుములు లేవా?"

"అది కాదురా. పని చూస్తే అంత లేదు. విప్పడం, సీలు మార్చడం, నూనె పొయ్యడం. నేనే చేసుకుందామనుకుంటున్నా. రేపూ ఎల్లుండీ ఉన్నాయిగా."

బోల్టు లేచి నిలబడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ మొహం కొంచెం మారింది.

"పని అంత లేదా? అయితే ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులో నేను చేసేదేంటి, చీట్లాటా?"

"నిన్నన్నానా? లేబరు అంత వేశారు అన్నా."

"లేబరంటే నేనే కదా బావా! నువ్వు డబ్బాలోంచి మాత్ర తీసి కవర్లో వేస్తావు. దానికి నెలనెలా జీతం తీసుకోవట్లేదా? రేపు నేనూ వచ్చి మీ గదిలో మాత్రలు పంచుతా. పని అంత లేదుగా!"

"పంచు, పంచు. సాయంత్రానికి ఊరు ఖాళీ అవుతుంది" అన్నాడు కాంపౌండరు. ఇద్దరూ నవ్వారు. కానీ బోల్టు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. అది వాడి అక్క చూసింది.

ఆమె గ్లాసు తీస్తూ భర్త వైపు తిరిగింది. "ఏమండీ, చేతనైతే చెయ్యండి, నేనొద్దనను. ఒక్క మాట మాత్రం అడుగుతాను. నా నడుం మీదా మీరు పని నేర్చుకునేది?"

ఆయన కారుతున్న కాలిని గుడ్డతో తుడిచాడు. "ఆదివారం సాయంత్రం ఎక్కి చూడు. బాగోలేదంటే మళ్ళీ ఆ మాట ఎత్తను" అన్నాడు.

"సోమవారం పొద్దున్న నేను మేడంగారికి చెప్పాల్సి ఉంటుంది."

"తెలుసు."

శనివారం ఆస్పత్రి ఒంటిపూటే. మధ్యాహ్నం ఆయన విడిభాగాల కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన పొట్టి మనిషి. వెయ్యి డబ్బాల్లోంచి చూడకుండానే కావలసింది తీస్తాడు. రెండు సీళ్ళూ నూనె డబ్బా ముందు పెట్టి, ఎవరు చేస్తున్నారని అడిగాడు. నేనే అనగానే కళ్ళజోడు పైకెత్తి చూసి, ఇంకో కొనుగోలుదారుణ్ణి ఆగమని చెప్పి, పని వరస మొత్తం వివరించాడు. స్ప్రింగు తీయకముందే అడుగు బోల్టు వదులు చెయ్యి. పాత సీలు పీకేటప్పుడు గొట్టం అంచుకి గీత పడనివ్వకు. కొత్తది సమంగా దిగాలంటే దాని కొలతకి సరిపోయే ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి కొట్టు. అదేదో తన దగ్గరే ఉందని వెతికి, పైపు ముక్క కూడా ఊరికే ఇచ్చాడు. చివర్లో బిల్లు వెనక పెన్సిలుతో రాశాడు, ఒక్కో కాలికి నూట డెబ్భై ఐదు మిల్లీలీటర్లు.

ఆ అంకె చూడగానే కాంపౌండరుకి ధైర్యం వచ్చింది. అంతవరకూ తెలియని దారిలో పోతున్న మనిషికి, ఇక్కడి నుంచి తన వీధే అనిపించింది. మిల్లీలీటరు ఆయన సొంతం.

వరండాలో గోనెపట్టా పరిచాడు. ఇంజను కింద చెక్కదిమ్మలు పేర్చి ముందు చక్రం తీశాడు, మడ్‌గార్డు తీశాడు. తీసిన ప్రతి నట్టునీ ఒక పాత మందుల డబ్బాలో వేసి, మీద చీటీ అంటించాడు. ఆమె కిటికీలోంచి చూసి, "వాటికీ సూర్యుడు, చంద్రుడు గీయండి" అంది. గీశాడు కూడా.

రెండు కాళ్ళనీ బండి నుంచి ఊడదీశాక, కుడికాలు కొట్టాయన చెప్పినట్టే విడిపోయింది. లోపలి నూనె బురద నీళ్ళలా ఉంది. ప్రతి భాగాన్నీ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టాడు. పాత సీలు పెంకులా గట్టిపడి ఉంది. కొత్తది పైపు ముక్క పెట్టి సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ దించాడు. ఆ పని మీద ఆయన ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు.

ఎడమకాలి దగ్గర మాత్రం బోల్టు మొండికేసింది. బావమరిది కాదు, అడుగు బోల్టు. ఎంత తిప్పినా లోపలి కడ్డీ కూడా దానితోపాటే తిరుగుతోంది. గంటసేపు ప్రయత్నించాడు. లోపలి కడ్డీని పట్టి ఉంచడానికి షోరూములో పొడుగాటి పనిముట్టు ఒకటుంటుందని ఆయనకి తెలియదు. తెలిసినా దొరకదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. ఈ కాలు కారడం లేదు, సీలు బాగానే ఉంది, దీన్ని విప్పనక్కర్లేదు, నూనె మారిస్తే చాలు. పైమూత తీసి కాలిని తలకిందులుగా పట్టుకుని పాత నూనె ఒంపేశాడు. చుక్కలు ఆగేదాకా నిలబడ్డాడు.

తరవాత లోపలికెళ్ళి బీరువాలోంచి తన గాజు కొలపాత్ర తెచ్చాడు. చదువు పూర్తయినప్పుడు గురువుగారిచ్చింది. దాన్ని కంటి ఎత్తుకి పట్టుకుని, నూనె అంచు గీతకి సరిగ్గా తాకేదాకా చూసి, నూట డెబ్భై ఐదు కుడికాల్లో పోశాడు. మళ్ళీ నూట డెబ్భై ఐదు కొలిచి ఎడమకాల్లో పోశాడు. ఒక్క చుక్క తేడా లేదు.

ఆదివారం మధ్యాహ్నానికి బండి తన కాళ్ళ మీద నిలబడింది. కారడం లేదు. ఆయన చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా గోళ్ళ కింద నలుపు పోలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెనక కూర్చుంది. వీధి చివర స్పీడుబ్రేకరు దాకా హాయిగా వెళ్ళారు. స్పీడుబ్రేకరు దిగేటప్పుడు ముందుభాగం కొంచెం కిందికి పోయి, అక్కడ రాతి మీద ఆగినట్టు గట్టిగా ఆగింది.

ఆమె చెయ్యి ఆయన భుజం మీద బిగిసింది. కాసేపటికి, "ఆపండి" అంది. దిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఇంటివైపు నడిచింది. పక్కింటావిడ గేటు దగ్గర నుంచి చూసి, ఏమీ అడక్కుండా వచ్చి ఆమె పక్కనే అదే నెమ్మదితో నడిచింది. కాంపౌండరు ఆ వెనకే బండి తోసుకుంటూ వచ్చాడు. ఎక్కి నడపడానికి ఆయనకి మనసొప్పలేదు.

ఇంటికొచ్చాక ఆమె బల్ల ముందు కూర్చుని తెల్లకాగితం ఒకటి తీసుకుంది. మేడంగారికి రాసే కాగితమని ఆయనకి తెలుస్తూనే ఉంది. వరండాలోకి వెళ్ళి బోల్టుకి ఫోను చేశాడు.

"ఒరేయ్, ఒకసారి రాగలవా?"

"బండా, నడుమా?"

"రెండూ."

బోల్టు పావుగంటలో వచ్చాడు. వాడు ఎత్తిపొడుస్తాడని కాంపౌండరు సిద్ధపడే ఉన్నాడు. వాడు అక్క దగ్గరికెళ్ళి నొప్పి ఎక్కడని అడిగి, ఆమె వెనక్కి దిండు సర్ది, ఆ తరవాతే బయటికొచ్చాడు. బండి ముందు బ్రేకు పట్టుకుని తన బరువంతా వేసి హ్యాండిల్ ఒక్కసారి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు.

"సీలు ఎవరు దించారు?"

"నేనే."

"బాగా దించావు. నూనె ఎలా పోశావు?"

"నూట డెబ్భై ఐదు. రెండు కాళ్ళలోనూ. కొలపాత్రతో."

"రెండు కాళ్ళూ విప్పి కడిగావా?"

"కుడిదే. ఎడమది అడుగు బోల్టు రాలేదు. ఒంపేశాను."

బోల్టు తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎగతాళి నవ్వు కాదు, పొట్ట నొప్పి పుట్టే నవ్వు.

"బావా, ఆ అంకె కడిగి ఆరబెట్టిన కాలికి. ఒంపితే పాత నూనె అంతా వస్తుందా? లోపల గదులున్నాయి, గోడలున్నాయి, వాటికి పట్టుకునే ఉంటుంది. దాని మీద నువ్వు నిండు మోతాదు పోశావు. ఫోర్కు మెత్తగా దిగాలంటే నూనె పైన గాలి ఉండాలి, దానికి చోటేది? అది నొక్కుకోమంటే ఎక్కడ నొక్కుకుంటుంది?"

కాంపౌండరు మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయన గదికి వచ్చే సీసా ఎప్పుడూ కడిగే వస్తుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా సీసాలో ముందే ఏమైనా ఉందా అని చూడాల్సిన అవసరం రాలేదు. పోసేదాన్ని కొలవడమే ఆయన పని.

"ఈ తప్పు మా షెడ్డులో ఎవడూ చెయ్యడు" అన్నాడు బోల్టు కళ్ళు తుడుచుకుంటూ. "మావాళ్ళు ఇంత శుభ్రంగా కొలిచి చావరు. స్ప్రింగు తీసి, కాలిని పూర్తిగా లోపలికి నొక్కి, పైనుంచి స్కేలు దించి నూనె ఎంత లోతులో ఉందో చూస్తారు. అంతే. ఎంత పోశావని కాదు బావా, ఎంత ఉందని."

వాడు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. "నేను ముట్టుకోను. నువ్వే చెయ్యి. మొదలుపెట్టింది నువ్వేగా."

వాడు చెబుతూ ఉంటే ఆయన మూతలు తీశాడు, స్ప్రింగులు పైకి లాగాడు, బండి ముందుభాగాన్ని మెల్లగా కిందికి దించాడు. స్టీలు స్కేలు అడిగితే అక్క లోపలి నుంచి తెచ్చిచ్చింది. కుడికాల్లో నూనె ఉండాల్సిన లోతులోనే ఉంది. ఎడమకాల్లో దాదాపు మూడు వేళ్ళు పైకి ఉంది.

"ఇప్పుడు బయటికెలా తీస్తావు? మళ్ళీ తలకిందులు చేస్తావా?"

కాంపౌండరు లోపలికెళ్ళాడు. కుట్టుమిషనుకి నూనె వేసే పెద్ద సిరంజి, దానికి తొడిగే సన్నటి గొట్టం పట్టుకొచ్చాడు. గొట్టం మీద స్కేలు ప్రకారం సిరాతో గీత పెట్టి, ఆ గీత దాకా కాల్లోకి దించి పిస్టన్ లాగాడు. లాగి లాగి చివరికి గాలి బుడగలు వచ్చాయి. నూనె ఆ లోతుకి దిగిందని అర్థం. బయటికొచ్చింది కొలపాత్రలో పోసి చూశాడు. ఇరవై రెండు మిల్లీలీటర్లు.

బోల్టు వంగి చూశాడు. నవ్వలేదు. "మాకెవరికీ ఇది తట్టలేదు బావా. మేం గుడ్డ ముంచి పిండుతాం" అన్నాడు.

అన్నీ బిగించాక బోల్టే బండెక్కి వీధి చివరిదాకా రెండుసార్లు తిరిగొచ్చాడు. బాగుందని తల ఊపి, చెప్పులేసుకోబోతూ ఆగాడు.

"లేబరివ్వు."

అక్క లోపలి నుంచి, "ఏరా, స్పానరు కూడా పట్టుకోలేదు కదరా నువ్వు!" అంది.

"చూశాను కదక్కా. మా పనిలో సగం అదే. ఒక గంట లేబరు, షోరూము రేటే. తగ్గించను."

కాంపౌండరు లోపలికెళ్ళి డబ్బు తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. వాడు జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం టీ పూర్తిగా తాగి, ఇంకో అరగ్లాసు అడిగి మరీ తాగి వెళ్ళాడు.

ఆమె రాసిన కాగితం బల్ల మీదే ఉంది. ఏం రాసిందో ఆయన చూడలేదు. పొద్దున్న అది ఆమె సంచీలోకి వెళ్ళడం మాత్రం చూశాడు.

సోమవారం క్వారీ రోడ్డు మీద ఆయన ఎప్పటికంటే మెల్లగా నడిపాడు. గుంతలు గుంతల్లానే ఉన్నాయి. బండి వాటిలోకి దిగి, మెత్తగా సర్దుకుని, పైకి లేస్తోంది. ఒక లారీ డ్రైవరు వెనక నుంచి హారను కొట్టబోయి, వెనక కూర్చున్న టీచరమ్మని చూసి, కొట్టకుండా పక్కనుంచి దాటిపోయాడు. అతని కూతురు ఆమె తరగతిలోనే చదివింది. ఆమె చెయ్యి ఆయన భుజం మీద ఉంది. పెద్ద గుంత దగ్గర బిగిసింది. మిగతాచోట్ల బిగియలేదు. ఆమె బడి గేటు దగ్గర దిగి ఒక్క నిమిషం సీటు పట్టుకుని నిలబడి, "వెళ్ళండి, మందులకి జనం వచ్చేసి ఉంటారు" అంది.

పదకొండు గంటలప్పుడు మందుల గదిలో ఫోను మోగింది. అప్పుడాయన ఒక ముసలమ్మకి రక్తపోటు మాత్రలు లెక్కపెడుతున్నాడు. మోగనిచ్చాడు. ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ ముప్పై లెక్కపెట్టి, పొట్లం కట్టి, సూర్యుణ్ణి గీసి, పొద్దున్నొక్కటే అవ్వా అని రెండుసార్లు చెప్పి పంపాక, తనే తిరిగి చేశాడు.

"నొప్పి లేదా అని అడిగారు మేడంగారు" అందామె. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. "ఉందండీ, కానీ కూర్చోగలిగినంతే ఉంది అన్నాను."

"కాగితం ఇచ్చావా?"

"చింపేశాను. నా పేరే పంపమన్నాను."

"మంచిది" అన్నాడాయన. ఫోను బల్ల మీద పెట్టి, కిటికీలోంచి తరవాతి చీటీ అందుకున్నాడు.